సిరా యంత్రము మొరాయించినప్పుడు

రేడియో ఒక్కసారిగా మూగపోయినచో అనుభవశాలియైన గృహస్థు వెంటనే పెట్టె వెనుక మూత విప్పడు. గోడలోని ప్లగ్గు బిగువుగా ఉన్నదా, ఏరియల్ తీగ ఊడినదా, ఒక్క కేంద్రమే వినబడుట లేదా, లేక ఏ కేంద్రమును వినబడుట లేదా అని తనలో తాను ప్రశ్నించుకొనును. ఒక్క కేంద్రమే రానిచో లోపము తన పెట్టెలో కాక ప్రసారములోనే ఉండవచ్చును. ఏ కేంద్రమును రాక దీపము మాత్రము వెలుగుచున్నచో సంగతి వేరు. దీపము కూడ వెలుగనిచో అది ఇంకను వేరు. విప్పుటకు ముందు విచారించుట అలవడినవానికి సగము మరమ్మతు స్క్రూడ్రైవరు చేతబట్టకుండగనే ముగియును.

ఈ చిన్న న్యాయమునే నేడు మన పట్టణములలో వీధివీధిన పనిచేయుచున్న మరియొక యంత్రమునకు అన్వయించి చూతము. వెడల్పైన కాగితముపైనను, గుడ్డపైనను, ఫ్లెక్సుపైనను సిరాను చిమ్మి బొమ్మలు వేయు ముద్రణయంత్రము అది. వాడుకలో దానిని వైడ్ ఫార్మాట్ ఇంక్‌జెట్ ప్రింటరు అందురు. సామాన్యముగా 24 అంగుళములు, అంతకుమించి వెడల్పు గల కాగితపు చుట్టను నడపగల యంత్రములకు ఈ పేరు చెల్లును. పెండ్లివారి స్వాగత ఫలకము, సినిమా ప్రకటన, ఉత్సవ పందిరి ముందరి నిలువెత్తు బొమ్మ, ఇంజనీరు గీచిన గృహనిర్మాణ పటము, ఛాయాచిత్రకారుడు గోడకు తగిలించు పెద్ద ఫోటో మొదలైనవన్నియు ఈ యంత్రము కడుపున పుట్టినవే. ఒకప్పుడు కుంచె పట్టిన చిత్రకారులు దినములకొలది శ్రమించి వ్రాసిన బోర్డుల స్థానమును ఇది ఆక్రమించినది. ఆ చిత్రకారులలో కొందరు ఈ యంత్రములకే యజమానులైనారు కూడ.

ఈ యంత్రము చెడిపోయినప్పుడు కలుగు నష్టము సామాన్యమైనది కాదు. అప్పు చేసి పాత యంత్రమును కొని చిన్న దుకాణము పెట్టుకొన్నవానికి పెండ్లిండ్ల ఋతువులో ఒక్క వారము పని నిలిచిపోయినను ఆ నెల వాయిదా తీరదు. యంత్రములోని భాగములన్నింటిలో సిరాను చిమ్ము భాగము, అనగా అందరును హెడ్డు అని పిలుచునది, మిక్కిలి విలువైనది. బొమ్మ చెడగానే "హెడ్డు పోయినది" అని నిశ్చయించుకొని క్రొత్తది కొని బిగించుట, అదియు రెండు దినములలో పాతదానివలెనే మొరాయించుట తరచుగా జరుగు సంగతియే. మొదటి హెడ్డు చెడుటకు మూలమైన చిన్న రబ్బరు మూతను ఎవరును చూడకపోవుటయే అందుకు కారణము. రోగమొకటి, మందొకటి అయినప్పుడు జరుగవలసినదే జరిగినది.

కావున ఈ యంత్రమును స్వయముగా బాగుచేసికొన దలచినవారు పాటింపవలసిన నియమము ఒక్కటే. చౌకైన భాగమునుండి ఖరీదైన భాగమునకు, వెనుకకు తీసికొనదగిన పనినుండి తీసికొనరాని పనికి వరుసగా నడువవలెను. ఆ వరుస తెలియవలెనన్నచో యంత్రము పనిచేయు తీరు కొంత తెలిసియుండవలెను.

సిరాను బిందువులుగా చిమ్ము పద్ధతులలో రెండు ముఖ్యమైనవి. మొదటిది వేడిమిపై ఆధారపడినది. 1977లో జపానులోని కానన్ సంస్థలో ఇచిరో ఎండో అను ఇంజనీరు ప్రయోగము చేయుచుండగా, కాగిన సోల్డరింగ్ కడ్డీ సిరా నిండిన సిరంజి సూదికి తగిలినది. సూదికొననుండి సిరా చివ్వున చిమ్మినది. వేడిమికి సిరాలో ఆవిరి బుడగ పుట్టి ముందరి సిరాను బయటికి నెట్టినదన్నమాట. ఆ సూత్రముపైననే కానన్ సంస్థయు, అమెరికాలో హ్యూలెట్ పాకర్డ్ సంస్థయు వేరువేరుగా కృషిచేసి యంత్రములు నిర్మించినవి. హ్యూలెట్ పాకర్డ్ వారి థింక్‌జెట్ 1984లో వెలువడినది. ఈ రకపు హెడ్డులోని ప్రతి రంధ్రము వెనుకను అతిసూక్ష్మమైన వేడిమి పలక ఒకటి ఉండును. అది సెకనులో లక్షలవ వంతుల కాలములో కాగి, బుడగను పుట్టించి, మరల చల్లారును.

రెండవది స్ఫటికముపై ఆధారపడిన పద్ధతి. కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టుననియు, విద్యుత్తు నిచ్చినచో అవియే స్వల్పముగా ఆకారము మార్చుకొనుననియు పందొమ్మిదవ శతాబ్దిలోనే తెలిసినది. ఇందు మొదటి గుణమును 1880లో పియరీ క్యూరీ, జాక్ క్యూరీ అను సోదరులు కనుగొనిరి. రేడియో శ్రోతలకు ఇది పరాయి విషయము కాదు. పాత గ్రామఫోనులలో రికార్డు గాడిపై నడచు ముల్లు కదలికను విద్యుత్తుగా మార్చిన క్రిస్టల్ పికప్పు ఈ గుణమువలననే పనిచేసినది. ప్రసారకేంద్రములలో తరంగసంఖ్య చెదరకుండ నిలుపుటకు తోడ్పడినదియు క్వార్ట్జ్ స్ఫటికమే. అదే గుణమును తిరుగవేసి, విద్యుత్తుతో స్ఫటికమును కదల్చి, ఆ కదలికతో సిరాబిందువును నెట్టుట రెండవ రకపు హెడ్డులో జరుగు పని. దీనిని పీజో హెడ్డు అందురు.

ఈ భేదము మరమ్మతు చేయువానికి ముఖ్యమైనది. వేడిమి రకపు హెడ్డులు అనేక యంత్రములలో అరిగిపోవు సరకువంటివి. పాతబడినచో వాడుకదారుడే తీసి క్రొత్తవి పెట్టుకొనును. పీజో హెడ్డు అట్టిది కాదు. అది యంత్రముతోపాటు ఏండ్లతరబడి నిలువదగినది. కావున ముందుగా మీ యంత్రములో ఉన్నది ఏ రకపు హెడ్డో తెలిసికొనుడు. మొదటిదైనచో మార్చుట తేలిక. రెండవదైనచో కాపాడుకొనుట ముఖ్యము.

హెడ్డు ఎంత సున్నితమైనదో ఒక ఉదాహరణము చెప్పెదను. 2005లో వెలువడిన ఎప్సన్ స్టైలస్ ప్రో 9800 అను 44 అంగుళముల యంత్రములో ఎనిమిది సిరాలకు ఎనిమిది వరుసలు, ఒక్కొక్క వరుసలో 180 రంధ్రములు, వెరసి 1440 రంధ్రములు కలవు. ఒక్కొక్క రంధ్రము తలవెండ్రుక కంటె సన్ననిది. అది చిమ్మగల మిక్కిలి చిన్న బిందువు పరిమాణము 3.5 పికోలీటర్లు. ఒక మిల్లీలీటరు సిరాలో అట్టి బిందువులు సుమారు 28 కోట్లు ఉండును. అంత చిన్న ద్వారమును మూయుటకు రాయి అక్కరలేదు. ఎండిన సిరా పొర ఒక్కటి చాలును.

ఫౌంటెన్ పెన్నుతో వ్రాసినవారికి ఈ బాధ తెలిసినదే. మూత పెట్టకుండ బల్లపై విడిచిన కలము మరునాటికి వ్రాయదు. పాళీ విరుగలేదు, సిరా అయిపోలేదు, కొన ఎండినదంతే. సిరా యంత్రముయొక్క రోగములలో పెక్కింటికి ఇదే మూలము. అందుచేతనే యంత్రము పని ముగియగానే హెడ్డు తనంతట తాను కుడిప్రక్కనో ఎడమప్రక్కనో ఉన్న తన స్థానమునకు చేరి, ఒక రబ్బరు అంచు గల గిన్నెపై కూర్చుండును. ఆ గిన్నెను క్యాపు అనియు, ఆ స్థానమును క్యాపింగ్ స్టేషన్ అనియు మెకానిక్కులు అందురు. అది కలమునకు మూతవంటిది. అదియే మరియొక పనియు చేయును. దాని క్రింద ఒక చిన్న పంపు ఉండి, హెడ్డు క్యాపుపై గట్టిగా ఆనియున్నప్పుడు రంధ్రములద్వారా కొంత సిరాను క్రిందికి లాగును. మనము క్లీనింగ్ అను మీట నొక్కినప్పుడు జరుగునది ఇదియే. లాగిన సిరా వ్యర్థపు సిరా దిండులోనికిగాని, తొట్టిలోనికిగాని పోవును. ఈ రెంటి ప్రక్కన వైపరు అను రబ్బరు పట్టీ ఉండి, హెడ్డు క్రిందిభాగమును తుడుచును.

ఇక సిరా ప్రయాణము ఇట్లుండును. సిరా తొట్టినుండి పొడవైన సన్నని గొట్టములద్వారా హెడ్డుపై నున్న డ్యాంపరు అను చిన్న ప్లాస్టిక్ డబ్బీలోనికి వచ్చును. హెడ్డు అటునిటు పరుగెత్తునప్పుడు గొట్టములలోని సిరా ఊగిసలాడకుండ అణచుట డ్యాంపరు పని. దానిలో ఒక జల్లెడయు ఉండి నలకలను ఆపును. అక్కడినుండి సిరా హెడ్డులోనికి దిగును. తొట్టి, గొట్టము, డ్యాంపరు, హెడ్డు, క్యాపు, పంపు, వ్యర్థపు దిండు: ఈ ఏడు మజిలీలను గుర్తుంచుకొన్నచో చాలును. ఎక్కడ ఆటంకము కలిగినను బొమ్మలో గీతలు పడును. గీతలను చూచి మజిలీని గుర్తించుటయే విద్య.

ఈ గుర్తింపునకు యంత్రమే ఒక సాధనము నిచ్చుచున్నది. దానిని నాజిల్ చెక్ అందురు. ఆ మీట నొక్కినచో ప్రతి రంధ్రము ఒక్కొక్క చిన్నగీతను వేసి మెట్లవరుసవంటి పటమును చూపును. ఏ గీత లేదో ఆ రంధ్రము చిమ్ముట లేదని అర్థము. బొమ్మ చెడినప్పుడు ముందుగా ఈ పటమును ఒకసారి కాదు, రెండు మూడు సారులు తీసి, వరుసగా అంకెలు వేసి, ప్రక్కప్రక్కన పెట్టి పరిశీలింపుడు. ఒక్క పటము ఒక్క క్షణపు సంగతియే చెప్పును. మూడు పటములు రోగపు నడకను చెప్పును.

మూడు పటములలోను అవే గీతలు, అదే చోట లేకున్నచో ఆ రంధ్రములలో సిరా ఎండినదని తలంపవచ్చును. లేని గీతలు ఒక పటమునుండి ఇంకొక పటమునకు చోటు మారుచున్నచో అది ఎండుట కాదు; గొట్టములోగాని డ్యాంపరులోగాని గాలి చేరినది. మొదటి పటము చక్కగా ఉండి, పెద్ద బొమ్మ వేయుచుండగా ఒక రంగు క్రమక్రమముగా పలుచనై మాయమగుచున్నచో హెడ్డునకు సిరా చాలినంత అందుట లేదు. డ్యాంపరులోని జల్లెడ పూడినదేమో, గొట్టము ఎక్కడైన నలిగినదేమో చూడవలెను. క్లీనింగ్ చేసిన పిమ్మట బాగుపడుటకు మారుగా అంతకుముందున్న గీతలు కూడ పోవుచున్నచో దోషము హెడ్డుది కాక, క్యాపుదిగాని పంపుదిగాని అయియుండును. ఒక రంగు గీతలలో ప్రక్క రంగు కలియుచున్నచో వైపరును, క్యాపును చూడవలెను.

ఇక పనిలోనికి దిగుదము. చేతులకు తొడుగులు, కన్నులకు అద్దములు ధరింపుడు. ఫ్లెక్సు యంత్రములలో వాడు ద్రావక సిరాల ఆవిరి మంచిది కాదు. కిటికీలు తెరువుడు, దరిదాపులలో నిప్పు ఉంచకుడు. చేయి లోపల పెట్టుటకు ముందు యంత్రమును ఆపి, ప్లగ్గును తీయుడు. యంత్రము నడుచుచుండగా హెడ్డు బండి వేగముగా పరుగెత్తును. చీరకొంగు, ఉత్తరీయము, జడ, పిల్లల వ్రేళ్ళు దాని దారికి దూరముగా ఉండవలెను.

మొదట చూడవలసినది క్యాపు. దాని రబ్బరు అంచుపై సిరా గట్టిపడి పేరుకొన్నచో హెడ్డునకును క్యాపునకును నడుమ సందు ఏర్పడును. సందున్న మూత మూత కాదు. సందున్న గిన్నెనుండి పంపు గాలినే లాగును గాని సిరాను లాగదు. నూగు రాలని మెత్తని స్పంజి పుల్లను ఆ సిరాకు తగిన శుద్ధిద్రవములో తడిపి, అంచును నాలుగువైపుల నెమ్మదిగా తుడువుడు. దూదిని వాడరాదు, దాని పోగు ఒక్కటి అంటుకొన్నను చాలు, క్రొత్త బాధ పుట్టును. వైపరు పట్టీని కూడ అట్లే తుడిచి, అంచు చిరిగినను వంగినను మార్చుడు. ఈ రబ్బరు భాగముల వెల హెడ్డు వెలతో పోల్చినచో లెక్కకు రానిది.

తరువాత పంపు. హెడ్డును ప్రక్కకు జరిపి, క్యాపులో కొలదిగా శుద్ధిద్రవమును నింపి, హెడ్డును స్వస్థానమునకు చేర్చి, ఒకసారి క్లీనింగ్ నడిపింపుడు. పిమ్మట చూచినప్పుడు ద్రవము హరించుకొని పోయియున్నచో పంపును దాని గొట్టమును పనిచేయుచున్నవి. ద్రవము అట్లే నిలిచియున్నచో క్రింది గొట్టము ఊడినదో, పూడినదో, పంపు అరిగినదో తెలిసికొనవలెను. ఈ చిన్న పరీక్షకు పట్టు కాలము పది నిముషములు. ఇది చేయక హెడ్డును నిందించుట అన్యాయము.

క్యాపు, పంపు రెండును సరిగా ఉన్నప్పుడు డ్యాంపరుల వంతు వచ్చును. డ్యాంపరు డబ్బీ ప్రక్కగోడ పలుచని పొరతో చేయబడుటచేత తరచుగా లోపలి సిరా కనబడును. ఏ రంగు క్షీణించుచున్నదో ఆ రంగు డబ్బీలో సిరా తక్కువగా ఉండి గాలి నిండియున్నచో గొట్టము బిగింపు వద్ద గాలి దూరుచున్నదని అనుమానింపవలెను. అక్కడి చిన్న రబ్బరు ఉంగరము చిట్లియుండవచ్చును. ఒక రంగు డ్యాంపరును మార్చి చూచుట హెడ్డును మార్చుటతో పోల్చినచో బహు స్వల్పవ్యయము.

ఇన్ని చూచిన తరువాతనే హెడ్డు సంగతి. ఎండిన సిరాను కరగించుటకు ఉత్తమమైన మందు ఓర్పు. క్యాపులో శుద్ధిద్రవము నింపి, హెడ్డును దానిపై కూర్చుండబెట్టి, యంత్రమును ఆపి, కొన్ని గంటలు, అవసరమైనచో ఒక రాత్రి విడువుడు. ఉదయము ఒక సాధారణ క్లీనింగ్ చేసి పటము తీయుడు. గీతలు కొన్ని తిరిగి వచ్చినచో మార్గము సరియైనదే. మరియొక రాత్రి నానబెట్టుడు. నీటి సిరాకు నీటి సిరాల శుద్ధిద్రవము, ద్రావక సిరాకు దాని ద్రవమే వాడవలెను. ఒకదానికి ఒకటి కలిసినచో సిరా విరిగి గడ్డకట్టి, నయముకాని రోగము వచ్చును.

ఇచ్చట రెండు తొందరపాట్లనుగూర్చి హెచ్చరింపవలసి ఉన్నది. మొదటిది క్లీనింగ్ మీటను మరలమరల నొక్కుట. రెండు మూడు సారులతో ఫలితము లేనిచో పదిసారులతోను ఉండదు. విలువైన సిరా వ్యర్థపు దిండులోనికి పోవుటయు, హెడ్డులోనికి క్రొత్తగా గాలి చేరుటయు మాత్రమే మిగులును. కొన్ని గంటలు ఊరకుండినచో గాలిబుడగలు పైకి తేలి తమంత తామే సర్దుకొనుట తరచుగా జరుగును. రెండవది సిరంజిలో ద్రవము పట్టి హెడ్డులోనికి బలముగా నెట్టుట. హెడ్డు లోపలి పొరలు జిగురుతో అతుకబడినవి. ఆ ఒత్తిడికి అవి విడిపోవును. అప్పుడు ఒక రంగు ఇంకొక రంగులోనికి దారి చేసికొనును. కొండనాలుకకు మందు వేసినచో ఉన్న నాలుక ఊడినదన్న సామెత ఇట్టివారికొరకే పుట్టినదనిపించును.

వీటికంటె ప్రమాదకరమైనది తడి. హెడ్డునకు విద్యుత్ సంకేతములను తెచ్చు పలుచని పట్టీ కేబులు డ్యాంపరులకు దగ్గరగానే ఉండును. డ్యాంపరు విప్పునప్పుడు జారిన ఒక్క చుక్క సిరాగాని, శుద్ధిద్రవముగాని కేబులు కొనలోనికి చేరి, ఆ స్థితిలో విద్యుత్తు ఇచ్చినచో హెడ్డుతోపాటు ప్రధాన విద్యుత్ పలకలోని భాగములును కాలిపోవచ్చును. అప్పటివరకు ఒక రంగులో నాలుగు గీతలు లేని యంత్రము ఒక్క క్షణములో పూర్తిగా నిష్ప్రయోజనమగును. కావున ఆ పరిసరములలో పనిచేయునప్పుడు ప్లగ్గు తీసియుంచుటయేగాక, కేబులు కొనపై నూగులేని గుడ్డ కప్పియుంచుడు. తడిసినదని సందేహము కలిగినచో తుడిచి, పూర్తిగా ఆరినదని రూఢి చేసికొన్న పిమ్మటనే ప్లగ్గు పెట్టుడు. ఆతురతతో మీట వేసి చూచుటవంటి ఖరీదైన ప్రయోగము వేరొకటి లేదు.

బొమ్మ చెడుటకు ప్రతిసారియు సిరాయే కారణము కాదు. నాజిల్ చెక్ పటము నిండుగా ఉండి, బొమ్మలో మాత్రము సమదూరములలో అడ్డముగా సన్నని తెల్లచారలో నల్లచారలో పడుచున్నచో కాగితము ప్రతి అడుగునకు జరుగు దూరము తప్పుచున్నది. యంత్రపు పట్టికలోని కాగితపు జరుగుబాటును సరిచేసినచో చాలును. నిలువుగీతలు జంటగా కనబడుచున్నచో హెడ్డు పోకడ రాకడలు కలియుట లేదు. అందుకు అలైన్‌మెంట్ సవరణ కలదు. హెడ్డు బండి ఉన్నట్టుండి ప్రక్కగోడకు కొట్టుకొని యంత్రము ఆగిపోవుచున్నచో, బండి దారి పొడవున సాగు పారదర్శకపు పట్టీని చూడుడు. దానిపై అతిసన్నని నల్లగీతలుండును. వాటిని లెక్కించుచు బండి తానున్నచోటు తెలిసికొనును. దీనిని ఎన్‌కోడర్ స్ట్రిప్ అందురు. సిరా తుంపురులు దానిపై పడినచో బండికి దారి మైలురాళ్ళు చెరిగిపోయినట్లే. కొలదిగా నీటితో తడిపిన నూగులేని మెత్తని గుడ్డతో, గీయకుండ, లాగకుండ తుడువుడు. ఘాటైన ద్రావకములను వాడినచో మురికితోపాటు గీతలును చెరిగిపోవచ్చును.

యాంత్రికభాగములు కాలవశమున శిథిలమగుటకు ఒక ప్రసిద్ధమైన ఉదాహరణ కలదు. హ్యూలెట్ పాకర్డ్ వారి డిజైన్‌జెట్ 500 అను యంత్రమును ఇంజనీర్లును, వాస్తుశిల్పులును పటములు తీయుటకు విరివిగా వాడిరి. అది 24, 42 అంగుళముల వెడల్పులలో వచ్చినది. దానిలో బండిని లాగు పండ్ల బెల్టు కొన్ని ఏండ్లకు తానే మెత్తబడి, ముక్కలుముక్కలుగా రాలును. అప్పుడు బండి తడబడి, తెరపై 86:01 అను అంకె కనబడును. అది బండి నడకలో లోపము కలదని చెప్పు అంకె. అది చూచి యంత్రమును పాత ఇనుమువానికి ఇచ్చివేయుట తొందరపాటగును. క్రొత్త బెల్టు, టార్క్స్ అను నక్షత్రపు తల గల మరలను విప్పు సాధనము, కొంత తీరిక ఉన్నచో అది చేయదగిన పనియే. ఒక్కొక్క మూత తీయునప్పుడు ఫోటో తీసికొనుచు, మరలను వేరువేరు గిన్నెలలో పేర్లు వ్రాసి పెట్టుకొనవలెను. రాలిన బెల్టు ముక్కలు కప్పీకి జిగురువలె అంటియుండును. వాటిని పూర్తిగా తొలగింపక క్రొత్త బెల్టు వేసినచో శ్రమ వ్యర్థము. ఈ యంత్రములో హెడ్డులు వేడిమి రకపువి, నాలుగు రంగులకు నాలుగు. వాటిని మార్చుటకు ఏ సాధనమును అక్కరలేదు. హెడ్డును సరిగా పెట్టుమని యంత్రము పదేపదే అడుగుచున్నచో, ముందు దాని వెనుకనున్న రాగి చుక్కలను నూగులేని గుడ్డతో తుడిచి చూచుట మంచిది.

వ్యర్థపు సిరా దిండునుగూర్చి ఒక మాట. ఎంత సిరా అందులోనికి పోయినదో యంత్రము లెక్క వేయుచుండును. పరిమితి దాటగానే పని నిలిపివేయును. ఆ లెక్కను మాత్రము సున్నకు త్రిప్పి, దిండును మార్చనివారు కలరు. లెక్క తుడిచినంత మాత్రమున సిరా ఆవిరి కాదు. నిండిన దిండు ఒకనాడు పొంగి నేలపైకో, విద్యుత్ భాగములపైకో పారును. దిండును మార్చి, పిమ్మట లెక్కను త్రిప్పుట ధర్మము. తీసిన దిండును కాలువలో పారవేయక, గట్టి సంచిలో కట్టి వేరుగా పంపవలెను.

మరమ్మతు కంటె మేలైనది మరమ్మతు అవసరము రాకుండ చూచుకొనుట. మన ఎండలకు గాలిలో తేమ తగ్గి సిరా త్వరగా ఎండును. యంత్రమున్న గదిలో తేమ మరీ తగ్గకుండ చూడవలెను. పనిలేని దినములలో కూడ చిన్న బొమ్మయో, నాజిల్ చెక్ పటమో తీయుట కలమును అప్పుడప్పుడు వ్రాయించుటవంటిది. అన్నింటికంటె ముఖ్యము, యంత్రమును దాని స్వంత మీటతో ఆపవలెను గాని గోడ స్విచ్చుతో ఆపరాదు. స్వంత మీటతో ఆపినచో హెడ్డు క్యాపుపై చేరి మూత పడిన పిమ్మటనే యంత్రము నిద్రించును. గోడ స్విచ్చుతో ఆపినను, బొమ్మ నడుమ కరెంటు పోయినను, హెడ్డు దారిమధ్యలో మూతలేక నిలిచి ఎండును. కావున కరెంటు నిలకడ లేనిచోట కొన్ని నిముషములైన ఆధారమిచ్చు యూపీఎస్ పెట్టుట దుబారా కాదు. అది హెడ్డునకు చేయు భీమా.

స్వయముగా చేసికొనరాని పనులును కొన్ని కలవు. క్యాపు, పంపు, డ్యాంపరు, కేబులు అన్నియు సరిగా ఉండి, ఒక రంగు వరుస మొత్తము ఒక్కసారిగా మాయమైనను, లేక అన్ని రంధ్రములు ఆగక సిరా చిమ్ముచున్నను, దోషము విద్యుత్ భాగములలో ఉండవచ్చును. కాలిన వాసన వచ్చినను అంతే. విద్యుత్ సరఫరా పెట్టెలో ప్లగ్గు తీసిన తరువాతను కొంతసేపు ప్రమాదకరమైన విద్యుత్తు నిలువయుండును. ఇట్టివి తెలిసినవారికి అప్పగించుట విజ్ఞత. అప్పుడైనను మీ శ్రమ వృథా కాదు. మూడు పటములు, చేసిన పరీక్షల వరుస, వాటి ఫలితములు ఒక కాగితముపై వ్రాసి మెకానిక్కు చేతికిచ్చినచో అతని కాలమును, మీ ధనమును మిగులును. "హెడ్డు మార్చవలెను" అని ఎవరైన అన్నప్పుడు "పంపు పరీక్ష ఏమి చెప్పినది?" అని అడుగగల అధికారము మీకు లభించును.

వస్తువును కొన్నవానికి దానిని బాగుచేసికొను హక్కు, అందుకు కావలసిన భాగములును వివరములును పొందు హక్కు ఉండవలెనను ఆలోచన నేడు దేశదేశములలో బలపడుచున్నది. మన దేశములో వినియోగదారుల వ్యవహారముల శాఖ 2022 జూలైలో ఈ విషయమై ఒక సంఘమును నియమించినది. వ్యవసాయ పరికరములు, మొబైల్ ఫోన్లు మరియు ఎలక్ట్రానిక్ వస్తువులు, గృహోపకరణములు, వాహనములు అను నాలుగు రంగములను అందుకు ఎన్నుకొన్నారు. ఆ సంవత్సరము డిసెంబరులో మరమ్మతు హక్కునకై ఒక పోర్టలును ప్రారంభించినారు. హక్కు కాగితముపై ఉండుట ఎంత అవసరమో, దానిని వినియోగించుకొను నేర్పు చేతిలో ఉండుటయు అంత అవసరము.

ఆ నేర్పు గొప్ప శాస్త్రము కాదు. తుడువదగినదానిని ముందు తుడువుడు, నానబెట్టదగినదానిని నానబెట్టుడు, చౌకగా మార్చదగినదానిని మార్చుడు. విప్పిన తరువాత తిరిగి బిగింపలేని భాగమును చిట్టచివరకు విడువుడు. ఈ వరుసను ఒక అట్టముక్కపై వ్రాసి యంత్రము ప్రక్కన గోడకు తగిలించుకొన్నవారు హెడ్డు కొనుటకు బజారునకు పోవలసిన దినములు తప్పక తగ్గును.